పీహెచ్‌డీ వైవా దగ్గరపడిందా? ముందు రిపోర్టులు చదవండి

"రిపోర్టులు వచ్చాయట, డేట్ చూసుకోమన్నారు" అని గైడ్ ఫోన్ చేసిన రోజున అసలు టెన్షన్ మొదలవుతుంది. రిపోర్టులంటే మీ థీసిస్ చదివిన ఎగ్జామినర్లు రాసి పంపిన అభిప్రాయాలు, అవి వచ్చాక పెట్టే మౌఖిక పరీక్షే వైవా. అప్పటిదాకా వైవా ఎప్పుడు పెడతారా అని ఎగ్జామినేషన్ బ్రాంచ్ మెట్లు అరిగేలా తిరిగినవాళ్ళే, ఇంకో నెల టైమ్ దొరికితే బాగుండు అనుకుంటారు. ఉస్మానియాలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో, జేఎన్‌టీయూలోనో, ఇఫ్లూ(ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ)లోనో ఇప్పుడు ఈ దశలో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. యూట్యూబ్‌లో దొరికే వైవా సలహాల్లో చాలావరకు బ్రిటన్, అమెరికా పద్ధతికి సంబంధించినవి. బ్రిటన్‌లో మామూలుగా ఎగ్జామినర్లు తలుపులేసుకుని గంటలకొద్దీ అడుగుతారు, గైడ్ నోరు మెదపడానికి ఉండదు. మన దగ్గర సంగతి వేరు. రిపోర్టులు ముందే వస్తాయి, గైడ్ బోర్డులోనే కూర్చుంటారు, హాల్లో జూనియర్లూ ఫ్యాకల్టీ ఉంటారు, కొన్నిసార్లు వెనక బెంచీలో అమ్మానాన్నా కూడా ఉంటారు. అందుకే ప్రిపరేషన్ కూడా వేరుగా ఉండాలి. నా లెక్కలో మన వైవాకి సగం ప్రశ్నపత్రం ఆ రిపోర్టుల్లోనే ఉంటుంది. చాలామంది మాత్రం వాటిని ఒకసారి పైపైన చూసి, "రికమెండెడ్" అన్న మాట కనపడగానే ఊపిరి పీల్చుకుని, నేరుగా పవర్‌పాయింట్ తెరిచి కూర్చుంటారు.

రూల్స్ ఏం చెబుతున్నాయి

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 నవంబర్ 7న నోటిఫై చేసిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, థీసిస్‌ని గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు చూడాలి, వాళ్ళు మీ యూనివర్సిటీ ఉద్యోగులు కాకూడదు. వీలైతే ఇద్దరిలో ఒకరు విదేశం నుంచి ఉండాలి. వైవా బోర్డులో గైడ్, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఉంటారు, ఆన్‌లైన్‌లో పెట్టినా చెల్లుతుంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే వైవా. ఒకరు రిజెక్ట్ చేస్తే ప్యానెల్‌లోని ఇంకొకరికి పంపుతారు, ఆయన సరేనంటేనే ముందుకు వెళుతుంది.

అంటే మీకు వైవా డేట్ వచ్చిందంటే, మీ పని తెలిసిన ఇద్దరు కూర్చుని చదివి, ఇది డిగ్రీకి తగినదే అని రాసిచ్చారన్నమాట. ఆ సంగతి ఒకటికి రెండుసార్లు గుర్తుచేసుకోండి, నిద్ర పడుతుంది. అలాగని "ఇదంతా ఫార్మాలిటీ" అని సీనియర్ చెప్పే మాట పట్టుకుని ఖాళీగా కూర్చోవద్దు. బోర్డు ఒప్పుకోకపోతే ఆగిపోయే అవకాశం కాగితం మీద ఉంది. అంతకన్నా ముఖ్యం, రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో మీ ఎదురుగా కూర్చునేది ఈ హాల్లో కూర్చున్నవాళ్ళే కావచ్చు.

థీసిస్ ఇచ్చిన రోజు నుంచి ఆరు నెలల్లోగా వైవా ఫలితంతో సహా అంతా పూర్తి చేయాలని కూడా ఆ నిబంధనల్లో ఉంది. గడువు దాటిపోతుంటే మర్యాదగా లెటర్ పెట్టడానికి ఆ లైను పనికొస్తుంది. ఆ నోటిఫికేషన్‌కి ముందు రిజిస్టర్ అయినవాళ్ళకి పాత నిబంధనలు వర్తిస్తాయి, ఐఐటీల లాంటి చోట సొంత ఆర్డినెన్సులు ఉంటాయి. కాబట్టి మీ అడ్మిషన్ నోటిఫికేషన్ తీసి ఒకసారి చూసుకోండి.

మొదటి పని: రిపోర్టులని ముక్కలు చేయడం

రిపోర్టు మొత్తం కాపీ ఇస్తారా, పేర్లు తీసేసి ఇస్తారా, ప్రశ్నలు మాత్రమే ఇస్తారా అన్నది చోటుని బట్టి ఉంటుంది. గైడ్‌ని అడగండి, "సార్, నేను జవాబివ్వాల్సిన పాయింట్లు ఏమున్నాయి?" అని. వచ్చాక ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టి మూడు గడులు గీయండి. ఎడమవైపు ఎగ్జామినర్ మాట ఉన్నదున్నట్టు, మధ్యలో మీ జవాబు, కుడివైపు థీసిస్ పేజీ నంబర్.

కామెంట్లు మూడు రకాలుగా ఉంటాయి. అచ్చుతప్పులు, రెఫరెన్సులు, టేబుల్ నంబర్లు ఒక రకం. వీటిని సరిచేసి తప్పొప్పుల పట్టికలో, అంటే ఎర్రాటా షీట్‌లో పెట్టేస్తే అయిపోతుంది. నేరుగా అడిగిన ప్రశ్నలు రెండో రకం, "వైవాలో అభ్యర్థి వివరించాలి" అని నంబర్లేసి మరీ రాస్తారు. మూడో రకమే ప్రమాదం: "ఫలానా కోణం కూడా చూసి ఉంటే బాగుండేది." చదువుతుంటే సలహాలా ఉంటుంది, స్కాలర్లు తలూపి వదిలేస్తారు. వైవాలో ఎక్కువసేపు నలిగేది అదే. ఎందుకు చూడలేదో మీ దగ్గర కారణం ఉండాలి. టైమా, డేటా దొరకలేదా, లేక చూసి కావాలనే వదిలేశారా? మూడింటికీ మూడు వేరువేరు జవాబులు.

విదేశీ ఎగ్జామినర్ సాధారణంగా హైదరాబాద్ రారు. ఆయన ప్రశ్నలని గైడో, బోర్డు చైర్‌పర్సనో చదివి వినిపిస్తారు, మీరు జవాబు చెప్పాలి. మనిషి ఎదురుగా లేరు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఎదురుగా కూర్చున్న ఎగ్జామినర్ ఆ ప్రశ్న పట్టుకునే, "అవును, నాకూ అదే డౌట్" అని లోపలికి వస్తారు.

రెండో పని: మీ థీసిస్ మీరే మళ్ళీ చదవడం

వినడానికి వింతగా ఉంటుంది గానీ, సబ్మిట్ చేశాక నెలలు గడిచేసరికి మనం ఏం రాశామో మనకే గుర్తుండదు. రెండో చాప్టర్ ఎప్పుడో మూడేళ్ళ కింద రాసింది, అప్పటి మనిషి వేరు. స్క్రీన్ మీద వద్దు, ప్రింటవుట్ తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, పెన్సిల్ పట్టుకుని చదవండి. ప్రతి పేజీ పైన ఆ పేజీ ఏం చెబుతోందో ఒక్క ముక్క రాయండి. రాయడానికి ఏమీ తోచని పేజీ వస్తే అక్కడ ప్రశ్న పడే అవకాశం ఉందని అర్థం.

చదువుతున్నప్పుడు అంకెల మీద కన్నేయండి. మూడో చాప్టర్‌లో 120 మందిని సర్వే చేశాం అని ఉంటుంది, టేబుల్ 4.3 కింద కూడితే 118 వస్తుంది. ఆ ఇద్దరు ఏమయ్యారు? జవాబు ఇవ్వలేదు, తీసేశాం అన్నది సరైన జవాబే, కానీ అది అక్కడికక్కడ ఆలోచించుకుని చెప్పేది కాదు. అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న అంకె, కన్‌క్లూజన్‌లో ఉన్న అంకె ఒకటేనా చూడండి. టెక్స్ట్‌లో పేరు చెప్పి చివరి జాబితాలో మర్చిపోయిన రెఫరెన్సులు చూడండి. ఆ ఎగ్జామినర్ పేపరే అందులో ఒకటైతే ఇక చెప్పక్కర్లేదు.

ముఖ్యమైన పేజీలకి రంగు చీటీలు అంటించండి: రీసెర్చ్ క్వశ్చన్లు, శాంపిల్, ప్రధాన ఫలితాలు, లిమిటేషన్స్. హాల్లోకి ఈ కాపీనే పట్టుకెళ్ళండి. గట్టి అట్టేసి బంగారు అక్షరాలు కొట్టించిన కాపీ బల్ల మీద అందంగానే ఉంటుంది, మీకు పనికొచ్చేది మాత్రం ఈ నలిగిన స్పైరల్ కాపీయే.

మూడో పని: అసలు ప్రశ్నలు

కొన్ని ప్రశ్నలు అన్ని సబ్జెక్టుల్లోనూ వస్తాయి. ఇందులో కొత్తేముంది? ఈ టాపిక్ ఎందుకు? ఈ పద్ధతే ఎందుకు? మళ్ళీ మొదటినుంచి చేయమంటే ఏం మారుస్తారు? వీటిలో మొదటిదానికి ఒక్క గుక్కలో చెప్పగలిగే జవాబు తయారుగా ఉండాలి. "ఇంతవరకు ఎవరూ చేయలేదు సార్" అన్నది జవాబు కాదు, ఎవరూ చేయని పనులు లోకంలో బోలెడున్నాయి. ఇంతకుముందు ఏం తెలుసు, మీ తర్వాత ఏం తెలిసింది, ఆ తేడా చెప్పండి.

పద్ధతి దగ్గర ఎక్కువమంది దొరికిపోతారు. ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. మీ థీసిస్ భూదాన్ పోచంపల్లి, పుట్టపాక వైపు చేనేత కుటుంబాల ఆదాయం మీద అనుకుందాం. అక్కడ ఇక్కత్ నేతకి ఆసు పోయాలి, అంటే రంగులద్దే ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పాలి, అది ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీద నడిచిన పని, భుజాలు పట్టేసేవి. చింతకింది మల్లేశం కనిపెట్టిన లక్ష్మీ ఆసు యంత్రం ఆ కష్టాన్ని తప్పించింది, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. యంత్రం ఉన్న ఇళ్ళలో ఆదాయం ఎక్కువగా ఉందని మీ సర్వేలో తేలింది, మీరూ రాశారు. ఎగ్జామినర్ కళ్ళజోడు సవరించుకుని ఇలా అడుగుతారు:

"బాగుందమ్మా. కానీ ఆ యంత్రం కొనగలిగినవాళ్ళు మొదటినుంచే కాస్త కలిగినవాళ్ళు అయ్యుండొచ్చు కదా? యంత్రం వల్ల ఆదాయం పెరిగిందా, ఆదాయం ఉండబట్టి యంత్రం వచ్చిందా?"

"లేదు సార్, డేటాలో క్లియర్‌గా ఉంది" అంటే గొయ్యి తవ్వుకున్నట్టే. "అది నా స్కోప్‌లో లేదు సార్" అంటే ఇంకా లోతు. ఇలా చెప్పి చూడండి:

"నిజమే సార్, ఆ అవకాశం ఉంది. ఇది ఒకేసారి తీసిన సర్వే కాబట్టి యంత్రమే కారణం అని నేను చెప్పలేను. అయితే యంత్రం కొనకముందు ఎన్ని మగ్గాలుండేవో అడిగాను, 143వ పేజీలో ఉంది. మగ్గాలు సమానంగా ఉన్న ఇళ్ళని మాత్రమే పోల్చి చూశాను. తేడా తగ్గింది, కానీ పోలేదు. గట్టిగా తేలాలంటే అవే ఇళ్ళని కొనకముందు, కొన్నాక కూడా చూడాలి సార్."

ఇందులో ఏం జరిగిందో గమనించండి. ప్రశ్నలో న్యాయం ఉందని ముందే ఒప్పుకున్నారు, థీసిస్‌లో దానికి సంబంధించి ఉన్న పనిని పేజీతో సహా చూపించారు, ఎక్కడిదాకా చెప్పగలరో అక్కడే ఆగారు. మరి థీసిస్‌లో "యంత్రం వల్ల ఆదాయం పెరిగింది" అని గట్టిగా రాసేసి ఉంటే? అప్పుడు "ఆ వాక్యం నేను మార్చాలి సార్, సంబంధం ఉంది అని మాత్రమే ఉండాలి" అనేయండి. ఒక వాక్యం మారిస్తే థీసిస్ కూలిపోదు. కూలిపోతుందేమో అని పట్టుకు వేలాడితేనే చిక్కు, అప్పుడు ఎగ్జామినర్ మిగతా వాక్యాలనీ అనుమానంగా చూడటం మొదలుపెడతారు.

సైన్స్ వాళ్ళకి ఇదే ప్రశ్న వేరే వేషంలో వస్తుంది. ప్రయోగం ఎన్నిసార్లు చేశారు, కంట్రోల్ ఏది, ఆ ఎర్రర్ బార్ దేన్ని చూపిస్తోంది, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేలతో పదార్థ నిర్మాణం చూసే పరీక్ష) మీరే తీశారా, బయటి ల్యాబ్‌లో తీయించారా. బయట తీయించడంలో తప్పేమీ లేదు, అందరూ చేసేదే, కానీ ఆ మెషీన్ ఎలా పనిచేస్తుందో, మీ శాంపిల్‌ని ఎలా తయారుచేసి పంపారో తెలియాలి. సోషల్ సైన్స్ వాళ్ళకి "ఈ టెస్టే ఎందుకు వాడారు?" అన్నది తప్పదు. "ఎస్‌పీఎస్‌ఎస్‌లో వచ్చింది సార్" (అది గణాంకాల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) అనేంత ప్రమాదకరమైన జవాబు ఇంకోటి లేదు. ఆ టెస్టుకి డేటా ఎలా ఉండాలి, మీది అలా ఉందా, ఈ రెండూ మీ మాటల్లో చెప్పగలగాలి. సాహిత్యం వాళ్ళకి, "తెలుగు కథలని చదవడానికి ఫ్రెంచి సిద్ధాంతం ఎందుకయ్యా?" అని తప్పకుండా పడుతుంది. సిద్ధాంతం పేరు చెప్పడం కాదు, అది లేకపోతే ఆ కథలో మీకు కనిపించకుండా పోయేదేమిటో ఒక కథ తీసుకుని చూపించండి.

నాలుగో పని: ఎగ్జామినర్ ఎవరో తెలుసుకోవడం

పేరు తెలిసే అవకాశం ఉన్నచోట, పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్ శోధగంగలోకి వెళ్ళి ఆయన గైడ్ చేసిన థీసిస్‌లు వెతకండి. వాటి మెథడాలజీ చాప్టర్లు ఒక రెండు చూస్తే చాలు, ఆయన దేన్ని పట్టించుకుంటారో తెలిసిపోతుంది. ఇటీవలి పేపర్లు రెండు మూడు తిరగేయండి. అలాగని వైవాలో పనిగట్టుకుని "మీ పుస్తకంలో చెప్పినట్టు" అని మొదలెట్టొద్దు, పొగడ్త అని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. డేట్ విషయం తప్ప ఇంకే పనికీ ఆయనకి సొంతంగా ఫోన్ చేయకండి, అదీ గైడ్ చెబితేనే.

స్లైడ్లు

ప్రజెంటేషన్‌కి సాధారణంగా ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఇస్తారు. లిటరేచర్ రివ్యూకి పది స్లైడ్లు పెట్టి, ఫలితాల దగ్గరికి వచ్చేసరికి "టైమ్ అయిపోతోంది" అని పరిగెత్తించడం చాలా హాల్లలో కనిపించే దృశ్యం. తిరగేయండి. నేపథ్యం రెండు మూడు స్లైడ్లలో ముగించి, సగం టైమ్ మీరు కనుక్కున్నదానికి ఇవ్వండి. చివర్లో థాంక్యూ తర్వాత దాచిన స్లైడ్లు కొన్ని ఉంచుకోండి: పెద్ద టేబుళ్ళు, ప్రశ్నావళి, రిపోర్టుల్లో అడిగినవాటికి జవాబులు. అడగ్గానే ఆ స్లైడ్ తెరిస్తే బోర్డు ముఖాల్లో తేడా మీకే కనిపిస్తుంది.

తెలుగు విభాగం వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. థీసిస్ యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో టైప్ చేయించి, అదే టెక్స్ట్ స్లైడ్లలోకి తెచ్చి ఉంటే, సెమినార్ హాల్లోని కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే పద్యమంతా పిచ్చి గుర్తులుగా మారుతుంది. యూనికోడ్‌లోకి మార్చుకోండి, లేదా పీడీఎఫ్ చేసుకోండి, అదీ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి. ముందురోజు అదే హాల్లో, అదే ప్రొజెక్టర్ మీద ఒకసారి ఆడించి చూడండి.

మాక్ వైవా, భాష గొడవ

అసలు వైవాకి ముందు రిహార్సల్‌గా ఒకటి పెట్టుకోండి. మీ సబ్జెక్టు తెలిసిన ఒకరు, అసలు తెలియని ఒకరు, కాస్త నిర్మొహమాటంగా మాట్లాడే సీనియర్ ఒకరు, ఇలా ముగ్గుర్ని కూర్చోబెట్టండి. బుర్ర వేడెక్కించే ప్రశ్నలు సబ్జెక్టు తెలియనివాళ్ళే వేస్తారు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విను, విను అని అందరూ చెబుతారు, ఎవరూ వినరు. కనీసం మొదటి పది నిమిషాలు వినండి, ఎన్నిసార్లు "బేసికల్లీ" అన్నారో తెలుస్తుంది.

తెలుగు మీడియంలో, ఉర్దూ మీడియంలో చదివి వచ్చినవాళ్ళు మన క్యాంపస్‌లలో ఎంతోమంది. పని అద్భుతంగా ఉంటుంది, ఇంగ్లీషులో ప్రశ్న పడగానే గొంతు పట్టేస్తుంది. మొదటి రెండు నిమిషాలు, ముఖ్యమైన ఫలితాలు, లిమిటేషన్స్, ఇవి ఇంగ్లీషులో నోటికి వచ్చేలా చేసుకోండి, మొత్తం బట్టీ పట్టొద్దు. బట్టీ పట్టింది మధ్యలో తెగితే మళ్ళీ అతకదు. ఎగ్జామినర్‌కి తెలుగు వస్తే "మేడమ్, ఈ ఒక్క పాయింట్ తెలుగులో చెప్పొచ్చా?" అని అడగడానికి మొహమాటపడకండి. ప్రశ్న అర్థం కాకపోతే "మీరు అడిగేది శాంపిల్ ఎంపిక గురించేనా సార్?" అని తిరిగి అడగండి. అర్థం కాని ప్రశ్నకి ఐదు నిమిషాలు జవాబు చెప్పడం కన్నా అది నయం.

ఆ రోజు

ఎగ్జామినర్‌ని శంషాబాద్ నుంచో, సికింద్రాబాద్ స్టేషన్ నుంచో తీసుకురావడం, గెస్ట్‌హౌస్ రూమ్, సంతకాల ఫారాలు, ఇవన్నీ పద్ధతి ప్రకారం డిపార్ట్‌మెంట్ పని, ఆచరణలో స్కాలర్ నెత్తినే పడతాయి. ముందే ఇద్దరు జూనియర్లకి పంచేయండి. మీరు మాత్రం పొద్దున్నే క్యాంపస్‌లో ఉండాలి. గచ్చిబౌలి వైపు నుంచి ఉస్మానియాకో ఇఫ్లూకో రావాలంటే కారుని నమ్ముకోకండి, రాయదుర్గంలో మెట్రో ఎక్కితే అదే రైలు తార్నాకలో దింపుతుంది. ఆన్‌లైన్ వైవా అయితే హాస్టల్ వైఫై ఒక్కదాన్నే నమ్మొద్దు, పక్కన హాట్‌స్పాట్ రెడీగా పెట్టుకోండి.

శాలువాలు, బొకేలు, యాభై మందికి బిర్యానీ భోజనాలు, ఇవి ఎలా అలవాటయ్యాయో గానీ, ఫెలోషిప్ ఆగిపోయి ట్యూషన్లు చెప్పుకుంటున్న స్కాలర్ అప్పుచేసి పెట్టడం నాకు మింగుడు పడని విషయం. ఏ నిబంధనలోనూ భోజనాల ప్రస్తావన లేదు. చాయ్, సమోసా, ఉస్మానియా బిస్కెట్లు చాలు. ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

హాల్లో ప్రశ్న పడగానే నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకోండి. మర్చిపోకుండా ఉంటుంది, ఊపిరి తీసుకోవడానికి టైమ్ దొరుకుతుంది. జవాబు నిమిషం, నిమిషంన్నరలో ఆపి ఎగ్జామినర్ వైపు చూడండి, ఇంకా కావాలంటే ఆయనే అడుగుతారు. తెలియకపోతే తెలియదనండి, కానీ అక్కడ ఆగకుండా "ఎలా కనుక్కోవచ్చో" చెప్పండి. మధ్యలో మీ గైడ్ ఉండబట్టలేక మీ బదులు జవాబు చెప్పేస్తే, అడ్డుపడొద్దు, పూర్తయ్యాక "సార్ చెప్పినదానికి తోడు" అని మీ మాట కలపండి. లేకపోతే పని ఎవరిదన్న అనుమానం వస్తుంది. ప్రేక్షకుల్లోంచి ఎవరో పాత కక్షతో ప్రశ్న వేసినా బోర్డుని చూస్తూనే జవాబివ్వండి. ఇద్దరు ఎగ్జామినర్లు, లేదా ఎగ్జామినరూ గైడూ వాళ్ళలో వాళ్ళు వాదించుకోవడం మొదలుపెడితే హాయిగా మంచినీళ్ళు తాగండి.

అయ్యాక

చప్పట్లు కొట్టి, ఫోటోలు దిగి, డాక్టర్‌గారూ అని స్నేహితులు ఏడిపించాక ఇంకా కాగితాల పని ఉంటుంది. బోర్డు చెప్పిన కరెక్షన్లు ఆ సాయంత్రమే రాసిపెట్టుకోండి, మర్నాటికి సగం గుర్తుండవు. వైవా రిపోర్టు మీద అందరి సంతకాలు పడ్డాయా అన్నది ఎగ్జామినర్ కారెక్కకముందే చూసుకోవాలి, ఒక్క సంతకం కోసం కొరియర్లు తిప్పిన వాళ్ళున్నారు. సరిచేసిన థీసిస్ సాఫ్ట్ కాపీ శోధగంగ కోసం లైబ్రరీకి, బాకీలేమీ లేవని రాయించుకునే నో డ్యూస్‌లు అన్ని సెక్షన్ల నుంచి, ఆ తర్వాత ప్రొవిజనల్ సర్టిఫికెట్. ఉద్యోగాలకి అప్లై చేసేవాళ్ళు ప్రొవిజనల్‌తో పాటు, మీ పీహెచ్‌డీ యూజీసీ నిబంధనల ప్రకారమే జరిగిందని తెలిపే సర్టిఫికెట్ కూడా అప్పుడే అడిగి తీసుకోండి. అన్నిటిలోనూ మీ పేరు, ఇంటిపేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉన్నాయా అని కౌంటర్ దగ్గర నిలబడే చదువుకోండి. ఇంటికొచ్చాక చూసుకుంటే మళ్ళీ అఫిడవిట్, మళ్ళీ అదే క్యూ.